స్టెప్పుల టీచరమ్మా, నా తుడుపుగుడ్డా

ఆవిడ ఒక పోట్లాట గెలవడం నేను కళ్ళారా చూశాను. పోట్లాటలు గెలిచినవాళ్ళను చాలామందిని చూశాను, అందులో నేనూ ఉన్నాను. కానీ గొంతు పెంచకుండా గెలిచిన మనిషి నా ఎరుకలో ఆవిడ ఒక్కతే. అది నా వల్ల కాదు. నాకు గొంతు లేవాలి, నడుం మీద చెయ్యి ఉండాలి, చుట్టూ కనీసం నలుగురు పోగవ్వాలి.

గాజు సామాను కొట్టు ఆసామి ఒకాయన కూతురి లెక్కల పేపరు పట్టుకుని ఓ మధ్యాహ్నం బడికొచ్చాడు. నేను వరండాలో తాగునీళ్ళ డ్రమ్ము నింపుతున్నాను. ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఇవాళ ఎవరికో మూడిందని అర్థమైంది. వెనకే హెడ్మాస్టరు. ఇప్పటాయన కాదు, ముందాయన. బడి కిటికీలన్నిటికీ అద్దాలు ఆ ఆసామే పెట్టించాడు, అంచేత ఆసామికి కోపం వస్తే హెడ్మాస్టరు కూడా కాస్త తెచ్చుకోవలసిందే. ఇద్దరూ తిన్నగా ఏడో తరగతి గదిలోకి వెళ్ళారు. ఆసామి పేపరు బల్ల మీద పరిచి, మా పాప రాసిన జవాబు కరెక్టు, పుస్తకం వెనక ఉన్న జవాబూ అదే, మరి సున్నా ఎందుకు వేశారని నిలదీశాడు. డ్రమ్ము దానంతటదే నిండుతుందిలే అని నేను గుమ్మం దగ్గరికి జరిగాను.

లెక్కల టీచరమ్మ పేపరు చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఓ సుద్దముక్క తీసి ఆసామి చేతికిచ్చింది.

"జవాబు కరెక్టేనండి. అది ఎలా వచ్చిందో బోర్డు మీద చేసి చూపించండి చాలు. మీరు చేస్తే మీ పాపకి పది మార్కులూ వేసేస్తాను."

ఆసామి సుద్దముక్క వంక చూశాడు, బోర్డు వంక చూశాడు. నలభై మంది పిల్లలు ఆసామి వంక చూశారు. రెండో బెంచీలో ఆయన కూతురు తల బల్లకి ఆనించేసింది. చివరికి ఆయన సుద్దముక్కని గాజుబొమ్మని దించినంత జాగ్రత్తగా బల్ల మీద దించి, కొట్లో పనుందని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు కిటికీల గురించి ఏదో మాట్లాడుతూ వెంట వెళ్ళాడు. వారం తిరక్కుండా ఆ పిల్ల అదే లెక్కని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించింది. టీచరమ్మ సున్నా కొట్టేసి పది వేసింది.

ఆ సంవత్సరం నుంచే పిల్లలు ఆవిడని స్టెప్పుల టీచరమ్మ అనడం మొదలుపెట్టారు. జవాబుకి ఒక మార్కు, అక్కడిదాకా నడిచిన దారికి తొమ్మిది. దారి లేని జవాబుకి సున్నా. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఓ తల్లి, ఈ బడిలో డాన్సు కూడా నేర్పుతారా అని నన్నడిగింది. నేర్పుతారు, కాలు తప్పితే సున్నా కూడా వేస్తారని చెప్పాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ముప్పై రెండేళ్ళు ఆ బడిలో గంట కొట్టాను, గదులు ఊడ్చాను, బోర్డులు తుడిచాను. నా చదువు నాలుగో తరగతి మధ్యలో ఆగిపోయింది. అందుకని నాకేమీ తెలియదని అనుకునేవాళ్ళు ఆ బడిలో చాలామంది ఉండేవారు. వాళ్ళ గదుల తాళంచెవులు మాత్రం నా నడుముకే వేలాడేవి.

టీచరమ్మ నా కంటే రెండేళ్ళు వెనక చేరింది. వచ్చేటప్పటికి ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి, వెదురు పుల్లలా ఉండేది. కాపురం కళ్ళద్దాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదుల్లో. ఆ కొట్టు వాళ్ళాయనదే. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని మేకుల కంటే చిన్న మరలు తిప్పుకుంటూ, రోజుకి పది మాటల కంటే ఎక్కువ ఖర్చు పెట్టేవాడు కాదు. ఒక్క కూతురు, ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో రక్తాలు పరీక్ష చేస్తుంది. వంటగది తలుపుకి ఈవిడ నల్లరంగు పూయించింది. ఏం వండాలి, ఎవరు ఏ పని చెయ్యాలి, అన్నీ దాని మీద సుద్దముక్కతో రాసేది. ఓసారి కూరలో ఉప్పెక్కువైతే, పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచి ఏ ఘట్టంలో ఎవరు వేశారో తలుపు మీద రాసి తేల్చిందట. తేలింది ఆవిడే రెండుసార్లు వేసిందని. అది కూడా రాసిపెట్టింది, రెండు రోజులు తుడవలేదు. ఇది వాళ్ళాయన నాకు చెప్పిన సంగతి. ఆ రోజుకి పది మాటలూ దాని మీదే అయిపోయాయి.

ఆవిడకీ నాకూ స్నేహం కుదిరింది కూడా ఓ తగాదాతోనే. ఆవిడ చేరిన మొదటి నెలలో, నేను బోర్డు తుడిచి పక్క గదిలోకి వెళ్ళానో లేదో వెనక్కి పిలిచింది. నిన్నటి ఏడు అంకె ఒకటి బోర్డు మీద నీడలా మిగిలిపోయింది. ఓ పిల్ల దాన్ని కూడా లెక్కలో కలిపేసుకుని, అరగంట ఏడ్చుకుంటూ కుస్తీ పట్టింది. నేను అప్పటికే ఏడు గదులు తుడిచి ఉన్నాను, నోటికొచ్చింది అనేశాను. ఆవిడ బకెట్టు తీసుకుని నా ఎదుటే తుడిచి చూపించింది. తడిగుడ్డతో ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, మూలల దగ్గర గుండ్రంగా, ఆరనిచ్చి పొడిగుడ్డతో మళ్ళీ ఒకసారి. బోర్డు అమావాస్య ఆకాశంలా నల్లబడింది. నాకు పని నేర్పడానికి వచ్చిందని ఒళ్ళు మండింది, కానీ అంత నల్లటి బోర్డుని మళ్ళీ వెలవెలబోనివ్వడానికి మనసొప్పలేదు. ఆ రోజునుంచి మిగతా గదులకి రెండేసి నిమిషాలు, ఆవిడ గదికి పావుగంట. ఎవరైనా అడిగితే ఆ గది పెద్దదని చెప్పేదాన్ని. అన్ని గదులూ ఒకటే కొలత.

అలా ముప్పై ఏళ్ళు నడిచింది. ఆవిడ ఉద్యోగం ఇంక ఒక్క ఏడాది ఉందనగా, సెలవులైపోయి బడి తెరిచేసరికి గదుల్లో నల్లబోర్డులు పీకేసి ఉన్నాయి. వాటి చోట గోడకి తలుపంత తెల్లటి తెరలు బిగించారు. పాత బోర్డులు సైకిళ్ళ షెడ్డులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి, పని ఊడిన మనుషుల్లాగే.

తెరల కంపెనీ మనిషి ఒకాయన వచ్చి టీచర్లందరినీ హాల్లో కూచోబెట్టి రెండు రోజులు చెప్పాడు. ఈ తెర రాస్తుంది, చదువుతుంది, బొమ్మలు గీస్తుంది, లెక్కలు చేస్తుంది, పిల్లలకి మార్కులు వేస్తుంది. వేలితో రాయొచ్చు, అరచెయ్యి ఆనిస్తే చెరిగిపోతుంది. ఏ గది తెర ఆ టీచరు పేరు మీదే తెరుచుకుంటుంది, రోజుకి ఎన్నిసార్లు ముట్టుకున్నారో అదే లెక్కపెట్టి హెడ్మాస్టరు గారి ఫోనుకి పంపిస్తుంది. ఇకమీదట మీరు చెయ్యాల్సింది ఏమీ ఉండదు మేడమ్ అన్నాడు చివర్లో, వరమిస్తున్నట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. స్టెప్పుల టీచరమ్మ ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆవిడ దాన్ని చూడకుండానే కాదందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వారం రోజులు నిజాయితీగా దానితోనే పాఠం చెప్పింది. భిన్నాలు. ఎనిమిదో వంతుకీ ఆరో వంతుకీ కూడిక అడిగితే తెర టకటకా చేసేసి, చివర్లో నక్షత్రాలు కురిపించింది. పిల్లలు ఈలలు వేశారు. అది ఎలా వచ్చిందని ఆవిడ అడిగితే, బోర్డుకి తెలుసు టీచర్ అన్నారు. కంపెనీ మనిషిని పిలిచి అడిగింది, స్టెప్పులు ఎవరు చేశారని. బోర్డు చేసిందన్నాడు. మరి పిల్ల ఏం చేసిందని అడిగింది. చూసిందన్నాడు.

మర్నాడు ఆవిడ ఇంటినుంచి చాపలా చుట్టిన నల్లగుడ్డ ఒకటి తెచ్చింది. పూర్వం ఎప్పుడో ఊరి బయటి బడుల్లో పాఠం చెప్పడానికి వెళ్ళినప్పుడు వాడినదట. తెరని ఆపేసి, దాని పై అంచుకి రెండు కొక్కేలు తగిలించి గుడ్డని కిందకి వదిలింది. తలుపు మూసుకుని పాఠం చెప్పడం ఆవిడకి మొదటినుంచీ అలవాటు, అంచేత పిల్లలకీ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు. సాయంత్రం గుడ్డ చుట్టి బీరువాలో పెట్టేది. హెడ్మాస్టరు పూర్వం రోజుకోసారి గదులన్నీ తిరిగి చూసేవాడు. ఇప్పుడు అంతా ఫోనులోనే కనిపిస్తోంది కాబట్టి ఆయనకి కాళ్ళతో పని లేకపోయింది.

పాపం తెరని తిట్టడానికి నేనిది రాయడం లేదు. సైన్సు టీచరమ్మాయి గదిలో అదే తెర మీద మనిషి గుండె కొట్టుకోవడం చూసి, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఎర్ర రక్తం ఇటు, నల్ల రక్తం అటు, మధ్యలో చిన్న తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ. ఆ అమ్మాయి తెరని ఒక్కసారి తాకి గుండెని నడిపించి, పక్కకి తప్పుకుని, పిల్లల చేత వాళ్ళ వాళ్ళ నాడి పట్టించి లెక్కపెట్టించేది. స్టెప్పుల టీచరమ్మ కూడా ఓసారి నా పక్కన నిలబడి పీరియడంతా చూసింది. ఆ అమ్మాయి ఎవరనుకుంటున్నారు, గాజు కొట్టు ఆసామి కూతురే. రెండో బెంచీలో తల బల్లకి ఆనించిన పిల్లే. చదువుకుని రెండేళ్ళ కిందట మా బడికే పంతులమ్మగా వచ్చింది.

హెడ్మాస్టరు ఓ నియమం పెట్టాడు. నెల నెలా టచ్‌ల జాబితా స్టాఫ్ రూములో అంటిస్తారు. అరసంవత్సరం అయ్యేసరికి జాబితాలో వెనకబడినవాళ్ళు తరగతి వదిలేసి రికార్డుల గదిలో కూచోవాలి, వాళ్ళ తరగతికి వేరే మనిషి వస్తాడు. అది విన్నరోజు సాయంత్రం టీచరమ్మ పిల్లలంతా వెళ్ళిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. నేను బెంచీలు సర్దుతున్నాను.

"నలభై మందిలో ఇరవై రెండు మందికి ఇంకా భిన్నాలంటే భయం అక్కా. ఈ ఏడాది నా చేతుల్లో ఉంటే దాటిస్తాను. మధ్యలో లాగేస్తే నడిరోడ్డు మీద చెయ్యి వదిలేసినట్టే."

ఇంతకాలం బడికి సేవ చేసిన మనిషిని ఎవరు కదుపుతారని నేను అన్నాను. ఆవిడ గుడ్డబోర్డు వంక చూసి, నా టచ్‌లు సున్నా అక్కా అంది. సున్నా అంటే ఏమిటో ఆవిడ కంటే బాగా ఎవరికి తెలుసు.

నెల తిరిగింది. జాబితా అంటించారు. అందరి కంటే పైన స్టెప్పుల టీచరమ్మ పేరుంది. అదీ ఏదో కాస్త పైన కాదు, రెండో స్థానంలో ఉన్నవాళ్ళ కంటే ఆరు రెట్లు. నేను టీ గ్లాసులు ఏరుతున్నాను, ఆ గదిలో ఎవరి మొహం ఎలా మాడిందో పూసగుచ్చినట్టు చెప్పగలను. హెడ్మాస్టరు లేచి నిలబడి, వయసు మీద పడినా కొత్తవిద్యని అందిపుచ్చుకోవడం ఎలాగో ఈవిడని చూసి నేర్చుకోమని కుర్రటీచర్లకి చెప్పాడు. ఆవిడ తెల్లబోయి ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయింది. ఎలా వచ్చిందో తెలియని జవాబు ఒకటి ఆవిడ పేరు మీద గోడకి అంటించి ఉంది మరి.

వేరే మనిషైతే దేవుడిచ్చాడనుకుని ఊరుకునేది. ఈవిడ కంపెనీ మనిషిని పట్టుకుని, ఈ అంకె ఏ రోజు ఏ గంటకి ఎంత వచ్చిందో విడదీసి చూపించమంది. ఆయన మొదట నసిగాడు, మొత్తం బాగుంది కదా మేడమ్, ముక్కలెందుకు అన్నాడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే కాగితం తీసిచ్చాడు. ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం నాలుగుదాకా ఒక్క టచ్ లేదు. ఉన్నవన్నీ ఎనిమిదీ అయిదుకీ ఎనిమిదీ ఇరవైకీ మధ్యనే. ప్రతిరోజూ అంతే. ఆయన ఆ కాగితాన్నే హెడ్మాస్టరుకి చూపించి, మేడమ్ బడి గంటకి ముందే వచ్చి పాఠం సిద్ధం చేసుకుంటున్నారండి అని మెచ్చుకున్నాడు. మేడమ్ బడికి వచ్చేది ఎనిమిదీ నలభైకి.

మర్నాడు ఆవిడ ఎనిమిది కాకుండానే వచ్చేసింది. నాకు తెలియదు. నా పనిలో నేనున్నాను. తెరలన్నిటికీ ఎనిమిదింటికల్లా స్విచ్ వేసి ఉంచాలని హెడ్మాస్టరు ఆజ్ఞ, అవి నిద్రలేవడానికి చాలాసేపు తీసుకుంటాయట. కంపెనీ వాళ్ళు తుడవడానికి అరచేతిలో పట్టేంత మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చారు. తలుపంత తెరకి ఆ గుడ్డ ఏం సరిపోతుంది, నా పాత గుడ్డే పిండి వాడుతున్నాను. అన్ని గదుల్లోనూ ఒక్క ఊపు. ఆవిడ గది అలా కాదు. నల్లగుడ్డ మీద రోజంతా రాసిన సుద్దపొడి వెనక ఉన్న తెర మీద మంచులా పేరుకుపోయేది. అడ్డంగా, నిలువుగా, మూలల దగ్గర గుండ్రంగా, ఆరాక పొడిగుడ్డతో.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆవిడ. గోడ గడియారం చూసింది, చేతిలో కాగితం చూసింది, నా గుడ్డ వంక చూసింది. తర్వాత గుమ్మానికి చేరబడి, గొంతులోంచి రాకుండా ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని నాకు విడమరిచి చెప్పింది. నేను తెరని తుడుస్తుంటే, ఎవరో అరచేత్తో చెరుపుతున్నారని అది అనుకుంటోంది. ఒక్కో రుద్దూ ఒక్కో టచ్. ఆవిడ తెరని ఎంత వాడకపోతే అంత సుద్ద, ఎంత సుద్దయితే అంత తుడుపు, ఎంత తుడుపైతే జాబితాలో ఆవిడ అంత పైన.

"అయితే మొదటి స్థానం నాదన్నమాట," అన్నాను.

"నీదే అక్కా. నా పేరు రాశారు, అంతే."

ఆవిడ వెంటనే వెళ్ళి హెడ్మాస్టరుకి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. మూడో రోజు ఎనిమిదింటికి వచ్చి, నేను తుడుస్తుంటే కాసేపు నిలబడి చూసింది. వెళ్ళబోతూ, నా మొహం వంక చూడకుండా అంది.

"ఆ పై మూల కూడా ఒకసారి అక్కా."

నేను స్టూలు వేసుకుని పై మూల తుడిచాను. ఆ మూల అప్పటికే అద్దంలా ఉంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ అడక్కూడనిది అడగడం అదే మొదలు. నాకు తప్పనిపించలేదు సరికదా, మనిషి దారిలోకి వచ్చిందని లోపల సంతోషం కూడా కలిగింది. మూడు వారాలు అలా సాగింది. తలుపు వెనక ఇరవై రెండు మందిలో తొమ్మిదిమంది భిన్నాలు దాటారు, అది కూడా నాకు తెలుసు. దాటిన పిల్లలకి ఆవిడ సుద్దముక్క బహుమతి ఇచ్చేది.

రెండో నెల జాబితా వచ్చింది. నా పై మూల పుణ్యమా అని అంకె ఇంకా పెరిగింది. హెడ్మాస్టరుకి దాంతో కొత్త ఆలోచన తట్టింది. ఇంత వయసులో ఈవిడ చెయ్యగలిగినప్పుడు మిగతావాళ్ళకేం వచ్చిందన్నాడు. ఇకనుంచి అందరికీ హద్దు ఆవిడ అంకేనన్నాడు. అందులో సగమైనా రానివాళ్ళు రికార్డుల గదికే. ఆ వారం బడి చూడాలి. భాషా పంతులు పద్యం చెప్తూ తెరని పెంపుడు పిల్లిని నిమిరినట్టు నిమిరేవాడు. డ్రాయింగు మాష్టారు వెనక్కి చేరబడి భుజాలతో రుద్దేవాడు. చరిత్ర ఆవిడ పిల్లలని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా పదేసిసార్లు తట్టించేది, హాజరు అనుకుని వాళ్ళు ప్రెజెంట్ టీచర్ అనేవారు. చదువు సంగతి అడక్కండి.

అందరి కంటే కింద సైన్సు అమ్మాయి పేరుంది. గుండెని ఒక్కసారి తాకి వదిలేస్తే ఒకటే టచ్ కదా. ఆ అమ్మాయి తరగతికి వేరే మనిషిని కూడా చూసేశారని ఆఫీసులో అనుకోగా విన్నాను. ఆ శనివారం హాల్లో పెద్ద మీటింగు, దానికోసం అక్కడా ఓ తెర బిగించారు. స్టెప్పుల టీచరమ్మ తన పద్ధతి ఏమిటో అందరికీ చేసి చూపిస్తే, హెడ్మాస్టరు ప్రశంసాపత్రం ఇస్తాడు. కంపెనీ మనిషి కూడా ఫోటోలకి వస్తాడు.

శుక్రవారం సాయంత్రం నా కళ్ళద్దాల పుల్ల ఊడితే బిగించమని వాళ్ళాయనకిచ్చి, పైకెళ్ళి కూచున్నాను. టీచరమ్మ పేపర్లు దిద్దుతోంది. మెట్ల మీద చప్పుడైంది. సైన్సు అమ్మాయి, చేతిలో నోటుపుస్తకం, పెన్ను. కుర్చీ చూపించినా కూచోలేదు. ఎండలో నడిచొచ్చిందో ఏడ్చి వచ్చిందో మొహం కందిపోయి ఉంది. రేపటిదాకా ఆగలేకపోయానంది. రోజూ గంట ఎక్కువ ఉండి ప్రయత్నిస్తున్నా అంకె కదలడం లేదంది. తన పిల్లలకి గుండె అయింది, ఊపిరితిత్తులు సగంలో ఉన్నాయి, వాళ్ళని వదిలి రికార్డుల గదికి పోవాలంటే కాళ్ళు రావడం లేదంది.

"మీరేం చేస్తారో చెప్పండి మేడమ్. ఎంత కష్టమైనా అదే చేస్తాను. జవాబు వద్దు నాకు, స్టెప్పులు చెప్పండి."

వంటగది తలుపు మీద సుద్దతో రాసిన కూరల జాబితా ఉంది. టీచరమ్మ దాని వంకే చూస్తూ కూచుంది. ఆవిడ మొహంలో రంగు పోవడం ముప్పై ఏళ్ళలో నేను అంతకుముందు చూడలేదు. దిద్దుతున్న పేపరు మీద ఎర్రసిరా కలం ఆనించి మర్చిపోయింది, అక్కడో చుక్క పెద్దదవుతోంది. రేపు హాల్లో చెప్తానమ్మా, ఒక్కటీ దాచకుండా చెప్తానంది చివరికి. ఆ పిల్ల దండం పెట్టినంత పనిచేసి దిగి వెళ్ళిపోయింది.

నేను ఊరుకోలేదు. ఊరుకునే అలవాటు నాకు లేదు. నాలుగైదు నెలలు నోరు మూసుకుంటే చాలని, మిగిలిన పదముగ్గురూ భిన్నాలు దాటేస్తారని, ఆ అమ్మాయికి కావాలంటే రేపటినుంచి వాళ్ళ తెర కూడా పావుగంట తుడిచిపెడతానని, నా చెయ్యేం అరిగిపోదని అన్నాను. అప్పుడు భాషా పంతులు తెర ఎవరు తుడుస్తారని టీచరమ్మ అడిగింది. ఆయనదీ తుడుస్తానన్నాను. అందరివీ తుడిస్తే హద్దు ఇంకా పైకి జరుపుతారు అక్కా, నీ చెయ్యి నిజంగానే అరిగిపోతుందంది. నిజం చెప్తే నీ ఏడో తరగతి నీకుండదు, సున్నా వేసుకుని రికార్డుల గదిలో కూచుంటావన్నాను. కోపంలో మీరు అనడం కూడా మర్చిపోయాను.

వాళ్ళాయన ఎప్పుడు వచ్చాడో, నా కళ్ళద్దాలు తుడుస్తూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఉప్పు రెండుసార్లు వేసిన రోజు కూడా రాసిందమ్మా," అని, కళ్ళద్దాలు నా చేతిలో పెట్టి కిందకి దిగిపోయాడు.

టీచరమ్మ కలం మూత పెట్టింది. లేచి వంటగది తలుపు మీది జాబితాని చేత్తో చెరిపింది. సరిగ్గా చెరగలేదు. నేను తడిగుడ్డ తెచ్చి అడ్డంగా, నిలువుగా తుడిచాను. ఆవిడ పక్కన నిలబడి ఆరేదాకా చూసింది. సున్నా అంటే సున్నానే అక్కా, కానీ తర్వాత లెక్క చేసి చూపిస్తే పది వెయ్యాలి, ఎవరో ఒకళ్ళు వెయ్యక తప్పదని తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది. హెడ్మాస్టరు వేస్తాడన్న నమ్మకం నాకు లేదు, ఆవిడకీ లేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"రేపు పదింటి గంట కొట్టాక నువ్వు హాల్లోకి రా. బకెట్టూ, నీ పాత గుడ్డా తెచ్చుకో, కంపెనీ వాళ్ళది వద్దు. రోజూ నా గదిలో ఎలా తుడుస్తావో అందరి ముందూ అలాగే తుడువు, పావుగంట, తొందరపడకుండా. నేను పక్కన గుడ్డబోర్డు మీద ఏ రుద్దుకి ఎన్ని టచ్‌లు పడ్డాయో రాస్తూ ఉంటాను. హెడ్డుగారు ఆపమన్నా ఆగకు, నేను ఆపమన్నా ఆగకు. పై మూల ఈసారి నేను చెప్పను, అది నేనెప్పుడు అడిగానో నువ్వే అందరికీ చెప్పు."